బాలవ్వ చెయ్యి

"ఊపిరి వట్టు," అన్నాడు ప్రేమ్‌చంద్ మైకులో. అద్దం అవతల బల్ల కదిలింది. "ఇడువు."

కరీంనగర్ స్కానింగ్ సెంటర్లో ఇరవై ఏళ్లుగా రోజంతా ఆయన అనేవి ఆ రెండు మాటలే. ఇంట్లో భార్య హెప్సిబా కూర ఎట్లుందని అడిగినా తల ఊపుతాడు. చర్చిలో పాటకు పెదవులు కదుపుతాడు.

బల్ల మీద ఉన్నది కిష్టవ్వ. జమ్మికుంట మార్కెట్ యార్డులో రాలిన పత్తి ఊడుస్తుంది. ఏడాదిగా ఉన్నట్టుండి తలనొప్పి, చెమట, గుండెదడ వచ్చి కాసేపటికి తగ్గుతున్నాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. డాక్టరు నర్మదకు గడ్డ అనుమానం వచ్చింది. ఉదయమే ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేసింది.

"పొట్ట నొక్కొద్దు. గడ్డ ఉంటే బీపీ ఒక్కసారే లేస్తుంది. ప్రాణం మీదికొస్తుంది."

అందుకే ఆయన బల్లకున్న బెల్టు ఆమె పొట్ట మీద వదులుగా కట్టాడు.

స్కానులో తేడా కనబడేందుకు నరానికిచ్చే రంగుమందు ఎక్కాక తెర మీద గడ్డ కనిపించింది. ఎడమ మూత్రపిండం పైన, అడ్రినల్ గ్రంథిలో, నిమ్మకాయంత. కొంతసేపు ఆగి మళ్లీ బొమ్మ తీశాడు. మందు గడ్డలోంచి ఇంకా దిగలేదు; నర్మద అనుమానించిన గడ్డే.

"ఏమున్నది బిడ్డా?" అంది కిష్టవ్వ బల్ల దిగుతూ.

"డాక్టరమ్మ చెప్తది. బయట కూసో అవ్వా."

"నీ మొగం జూస్తె రోగం నీకే ఉన్నట్టుంది."

చేరిన కొత్తలో ఒకరికి గడ్డ సంగతి చెప్పి యజమానితో తిట్లు తిన్నాడు. మళ్లీ ఎవరికీ చెప్పలేదు. బొమ్మలు నర్మదకు పంపి తలుపు తీశాడు.

కిష్టవ్వ బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉంది. తోడొచ్చిన ఆడబిడ్డ బాలవ్వ ఆమె బొడ్డు చుట్టూ బొటనవేళ్లతో ఒత్తుతోంది. మూటలెత్తి బొడ్డు జరిగినవాళ్లు వాడలో బాలవ్వ దగ్గరికే వస్తారు.

"ఒత్తకు," అన్నాడు.

"జర ఆగు. వదినెకు కడుపు నొస్తుందట. గిట్ల వెడితె అయిపాయె."

ఆయన ఆమె చెయ్యి పట్టి లాగాడు. కిష్టవ్వ ముఖమంతా చెమట.

"తలకాయ వలుగుతుంది," అంది.

"కడుపుల గడ్డున్నది. నొక్కద్దు," అన్నాడు ప్రేమ్‌చంద్.

"గీ ముచ్చట ముందుగాల చెప్తె ముట్టుకుందునా?" అంది బాలవ్వ.

ఆయన స్ట్రెచర్ కోసం పరుగెత్తాడు. నర్మద వచ్చేసరికి కిష్టవ్వకు మాట పడిపోయింది. అంబులెన్సు పెద్దాసుపత్రి చేరకముందే ఆమె ప్రాణం పోయిందని డ్రైవరు ఫోన్లో చెప్పాడు.

సాయంత్రం హాలు ఖాళీ అయింది. రంగుమందు ఒంట్లోంచి పోవడానికి నీళ్లు తాగాలని కౌంటర్లో చెప్తే, స్కాను జరుగుతుండగా బాలవ్వ వదినె కోసం కింది కొట్లో నీళ్ల సీసా కొనుక్కొచ్చింది. అది బెంచీ కింద ఉంది. మూత సీలు ఇంకా తెగలేదు.