ప్లేటు ఇడ్లీ పావలా

కొబ్బరి పచ్చడి మెత్తబడే వేళకు విస్సన్నపేట బస్సు వచ్చి ఆగింది. కనకమ్మ తల ఎత్తలేదు. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడంచేత్తో అంచుకెక్కిన పచ్చడిని రోట్లోకి తోస్తూ, దిగేవాళ్ళ సందడినిబట్టి ఎన్ని ప్లేట్లు పోతాయో చెప్పగలదు. ఇరవైనాలుగేళ్ళుగా అదే రోలు, అదే పీట. అరచెయ్యి కాయకాచింది. కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగింది. రవికలు కుట్టే అతను ఆ సంగతి ఏటా చెబుతాడు, ఆమెకు తెలియనట్టు.

తిరువూరు బస్టాండు ఎదుట ఆ హోటలు పెట్టింది చంద్రశేఖరం తండ్రి. మొగుడు పోయి దిక్కులేకుండా వచ్చిన కనకమ్మను దూరపు చుట్టమని ఆయనే రుబ్బుకు పెట్టుకున్నాడు. ఆయన పోయాక గల్లాపెట్టె దగ్గర చంద్రశేఖరం కూర్చున్నాడు. అతనికి ఆమె వరసకు పిన్ని. ఈ పూటతో హోటలు మూత. సాయంత్రం సామానంతా లారీలో కర్ణాటక వెళ్ళిపోతుంది.

రెండేళ్ళుగా ఆ బల్లల దగ్గర కర్ణాటక తప్ప మరో మాట లేదు. ఇక్కడ ఎకరం మెట్ట అమ్మితే అక్కడ కాలవ కింద నాలుగెకరాలు వస్తుందని గంపలగూడెం రైతులు లెక్కలు చెప్పేవారు. బియ్యం చౌకట, కిరసనాయిలు ప్రియమట. పొయ్యిలోకి పుల్ల దొరకదు, పత్తికట్టె కాల్చుకోవాలి. జ్వరమొస్తే డాక్టరు కోసం ముప్పై మైళ్ళు బండి కట్టాలి. పిల్లలకు కన్నడం బడి. వెళ్ళొచ్చినవాళ్ళు స్వర్గమనేవారు, వెళ్ళనివాళ్ళు కాదని వాదించేవారు. తిరువూరు దాటి ఎరగని కనకమ్మ రోలు దగ్గర్నుంచి లేవకుండానే రెండు రాష్ట్రాలూ అప్పచెప్పగలదు.

అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఇడ్లీకి మొహం వాచి ఉన్నారని బావమరిది కబురంపడంతో చంద్రశేఖరం బయల్దేరాడు. పిన్నికి ఇక్కడ నెలకు నలభై, రెండు పూటలా తిండి. అక్కడ ఎనభై ఇస్తానన్నాడు, ఉండటానికి గది కూడా. ఆమె సరేనంది. అనక ఏం చేస్తుంది? యాభై దాటిన మనిషికి ఈ ఊళ్ళో మరో రోలు ఎవరిస్తారు? మూట కట్టుకుంది గాని లోపల భయంగానే ఉంది.

చివరి వాయి జోజప్ప తిన్నాడు. బస్తాలు మోసే మనిషి. రోజూ దొడ్డి మెట్టు మీద కూర్చుని ఒక ప్లేటు తిని పనికి పోతాడు, సాయంత్రందాకా కడుపుకు అదే. చెయ్యి కడుక్కుని, రేపట్నించి తనెక్కడ తినాలో చెప్పి పొమ్మని నవ్వుతూ అడిగాడు. ఆమె నవ్వలేకపోయింది.

మధ్యాహ్నం సామాను సర్దారు. గుండిగలు, బల్లలు, గ్లాసుల బుట్టలు ఒక్కొక్కటే లారీ ఎక్కాయి. నేలలో సగం పాతిన రోలును మాత్రం పెకలించడం దండగని వదిలేశారు.

తాళ్ళు బిగిస్తుండగా చంద్రశేఖరం వంటింట్లోకి తొంగిచూశాడు. రోలు పక్కన గంగాళంలో మూడు మానికల మినప్పప్పు నాని ఉబ్బి ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

కనకమ్మ కూడా తెల్లబోయింది. పన్నెండింటి బస్సు హారన్ విని పప్పు నానబోయడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. ఇవాళ కూడా హారన్ వినబడింది, నానబోసింది. రేపు ఈ పొయ్యి వెలగదన్న సంగతే మరిచిపోయింది.

పోనీలే, గేదెలకు పోయించమన్నాడతను. ఆమె గంగాళం ముందు కూర్చుండిపోయింది.

"అక్కడ ప్లేటు ఎంతకిస్తావు నాయనా?"

"అర్ధరూపాయి. అక్కడ రేటంతే."

"కూలివాళ్ళు తింటారా?"

"వాళ్ళెందుకు పిన్నీ? ఇంటి దగ్గర జొన్నరొట్టె తినొస్తారు. మనకి రైతులు చాలు."

ఇన్నాళ్ళు విన్న లెక్కల్లో ఎవరూ చెప్పని ముక్క అది. జీతం రెట్టింపు, ప్లేటూ రెట్టింపు. జోజప్పలాంటివాడు మెట్టెక్కని హోటలుకు తను రుబ్బాలి. ఆమె మనసు ఒప్పుకోలేదు.

"నేను రాను నాయనా. పప్పు నానిపోయింది."

అతను విసుక్కున్నాడు, బతిమాలాడు, ఏం తిని బతుకుతావన్నాడు. తన మూటలో చిన్న ఇడ్లీగిన్నె ఉందని, ఈ హోటలు గదికి నెలాఖరుదాకా అద్దె అతనే కట్టేశాడని, ఆపైన చూసుకుంటానని ఆమె నెమ్మదిగా చెప్పింది. డ్రైవరు హారన్ కొట్టాడు. చంద్రశేఖరం లారీలోంచి అరబస్తా ఇడ్లీరవ్వ దింపించి, వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

లారీ చప్పుడు దూరమయ్యాక కనకమ్మ పప్పు కడిగి పొట్టు తీసింది. మొదటి గుప్పెడు రోట్లో వేసి పొత్రం పట్టుకుంది. భయం పోలేదు గాని చెయ్యి తిరుగుతోంది.

ముందుగదిలో గోడకు రేకు బోర్డొక్కటి మిగిలింది. ఆ ధరలు అక్కడ పనికిరావని దాన్ని ఎవరూ విప్పలేదు. కనకమ్మకు చదువు రాదు గాని అందులో ఏముందో తెలుసు. పైవరసలో, కొస కాస్త పెచ్చులూడిన తెల్లరంగు అక్షరాలు: ప్లేటు ఇడ్లీ పావలా.