రెక్క విరిగిన ఎగ్జాస్ట్ ఫ్యాన్

రాంగెల్ స్నానాల గదిలో జారిపడి ముప్పావు గంట అలాగే ఉండిపోయాడు. గదిలో వంట చేసుకునే మూలలో చిక్కుడు గింజల సూప్ కలుపుతున్న నేవెనాకి ఏమీ వినపడలేదు. ఇంతసేపు ఏం చేస్తున్నాడో అనుకుంటూ వెళ్ళి తలుపు తోసేసరికి, భర్త నేలమీద కూలబడి తొట్టి అంచు పట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. ఆమె పేరే పిలుస్తున్నాడు. తల మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేస్తున్న గరగరలో ఆ పిలుపు రెండడుగుల దూరం కూడా చేరడం లేదు.

ముప్ఫై ఏళ్ళు మెజ్ద్రా స్టేషన్ మైకులో రైళ్ళ రాకపోకలు చెప్పిన గొంతు అది. కిందటి వేసవిలో గొంతులో కేన్సర్ గడ్డ కోసి తీసేశాక గుసగుస మాత్రం మిగిలింది. నేవెనా రాసుకోవడానికి పలక కొనిచ్చింది. రెండు రోజులు రాసి, మూడో రోజు దాన్ని మంచం కిందికి తోసేశాడు. మూగవాడిలా బతకడం తన వల్ల కాదన్నాడు.

ఫ్యాన్ ఆపేద్దామా అంటే అదో భయం. ఒకసారి ఆగితే దానంతటది మళ్ళీ తిరగదు. ఉన్నది ఒక్క గది ఇల్లు, స్నానాల గదికి కిటికీ లేదు, మంచం ఆ గోడకే ఆనుకుని ఉంది. నవంబరులో రెండు రోజులు ఫ్యాన్ ఆగిపోతే గోడంతా నల్లగా బూజు పట్టింది. ఆ చెమ్మకి రాంగెల్ ఊపిరితిత్తులకి జబ్బు చేసి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చివరికి చీపురు కర్రతో పొడిచి తిప్పితే ఫ్యాన్ నడిచింది. అప్పటి నుంచి ఇద్దరూ ఆ స్విచ్ జోలికి వెళ్ళలేదు. చప్పుడు మాత్రం రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది. అతను ఏదో అనేవాడు, ఆమె ముఖం చూసి ఊహించుకుని "సరే" అనేది.

పడిన మర్నాడు, ఆదివారం పొద్దున్న, నేవెనా కరెంటు మేస్త్రీకి ఫోన్ చేసింది.

"ఇవాళ కుదరదమ్మా. బుధవారం చూద్దాం."

"మంగళవారం ఆయన్ని సోఫియాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి బాబూ. ఆరు వారాల దాకా రాం."

"ఇంకేం, ఇంట్లో ఎవరూ ఉండరుగా. వచ్చాకే చేయించుకోండి."

ఈ రెండు రోజుల్లో మళ్ళీ పడితే? నేవెనా మెయిన్ స్విచ్ ఆపేసి, టార్చి లైటు పెట్టుకుని, స్టూలెక్కింది. మూత తీయగానే బూడిదరంగు మడ్డి పెళ్ళలుగా ముఖం మీద రాలింది. గుడ్డతో తుడిచింది, పాత పళ్ళబ్రష్‌తో గీకింది. రెక్కల చక్రం మాత్రం ఇరుసుకి పట్టేసి ఊడి రాలేదు. స్క్రూడ్రైవర్ దూర్చి ఒత్తింది. టప్ మని ఒక రెక్క విరిగి తొట్టిలో పడింది.

స్టూలు మీదే నిలబడి దాన్ని చూసింది. దిగి, తొట్టి అంచు మీద కూర్చుని, ఏప్రన్ అంచుతో నోరు నొక్కుకుని ఏడ్చింది. ఉన్న ఒక్క దారీ తన చేతులతోనే మూసేసింది. సాయంత్రానికి గోడలు చెమ్మగిల్లుతాయి, రాత్రికి అతనికి దగ్గు మొదలవుతుంది.

అప్పుడు తలుపు తట్టిన చప్పుడయింది. కింది వాటాలో ఉండే గెన్చో, రైలు పెట్టెల వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ముసలాయన.

"ఏమ్మా, మీ ట్రాక్టరు చప్పుడు ఆగిపోయిందే? పొలం దున్నడం అయిపోయిందా?" అంటూ లోపలికి వచ్చి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"విరగ్గొట్టాను బాబాయ్. ఇక అయిపోయింది."

గెన్చో టార్చి వేసి రెక్కలు లెక్కపెట్టాడు. "ఆరింట్లో ఒకటి పోయింది. ఎదురుగా ఉన్నదాన్ని కూడా విరిచెయ్."

"ఉన్నవాటిని కూడా పాడుచెయ్యమంటావా? ఎగతాళికి ఇదా సమయం?"

"ఎగతాళి కాదే పిచ్చిదానా. ఒక కాలి చెప్పు తెగితే రెండోది కూడా విప్పేసి నడవవూ? ఒకవైపే బరువుంటే అది వణికి చస్తుంది. నీ కుట్టుమిషను నూనె పట్టుకురా ముందు."

ఇరుసులో నాలుగు చుక్కలు పోసి, నానేదాకా ఆగి, వేలితో అటూ ఇటూ ఆడించాడు. ఎదుటి రెక్కని నేవెనాయే పటకారుతో విరిచింది. మూత బిగించి మెయిన్ వేశారు. ఫ్యాన్ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, కదిలి, మెల్లగా తిరగసాగింది. ముక్కుతో గాలి వదిలినంత చప్పుడు, అంతే. పల్చటి కాగితం పెడితే గాలి లాగి మూతకి అతుక్కుంది.

"గాలి కాస్త తగ్గుతుంది. అయినా లాగుతోందిలే," అని గెన్చో చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

నేవెనా గదిలోకి వచ్చింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమె మరిచిపోయింది. మంచం మీద నుంచి గుసగుస స్పష్టంగా వినపడింది.

"ఆ పెట్టె ఎందుకు సర్దావు?"

"ఎల్లుండి ప్రయాణం కదయ్యా."

"వెళ్ళనని చెప్పానుగా. నువ్వు సరే అన్నావు."

నేవెనా మంచం పక్కకి వచ్చి కూర్చుంది. "ఎప్పుడు చెప్పావు?"

"నీ చెయ్యి పట్టుకుని చెప్పాను, జనవరిలో. తర్వాత మళ్ళీ చెప్పాను. తిరగబెట్టిన జబ్బుకి అక్కడ ఆరు వారాలు రేడియేషన్‌తో కాల్పించుకున్నా మహా అయితే ఇంకో మూడు నెలలు వస్తాయట. నువ్వు ఆసుపత్రి వరండాలో ఉన్నప్పుడు డాక్టరు చెప్పాడు. ఆ ఉన్న నాలుగు రోజులూ ఇక్కడే ఉంటానన్నాను. అలాగే రాంగెల్, అన్నావు. నాకెంత తేలికైందో తెలుసా?"

ఆ రోజు అతను తన చేతిని ముద్దు పెట్టుకోవడం ఆమెకి గుర్తుంది. దిండు సరిచేసినందుకు అనుకుంది.

విన్నానని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయింది. "నాకు వినపడలేదు. క్రిస్మస్ నుంచి నువ్వన్నదేదీ వినపడలేదు."

రాంగెల్ మోచేతి మీద కాస్త పైకి లేచాడు. "చెవి నా నోటి దగ్గర పెట్టొచ్చుగా."

పెట్టొచ్చు. ఎన్నోసార్లు వంగబోయి కూడా వెనక్కి తగ్గింది. అతను ఏం చెప్పబోతున్నాడో ఆమె మనసుకి తెలుసు కాబట్టే వంగలేదు. ఆ గరగర చాటున దాక్కుంది.

"ఇప్పుడు విన్నాను. ఒప్పుకోను," అంది.

సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. ఆమె అరిచింది, బతిమాలింది, మూడు నెలలంటే నీకు లెక్కలేదా అని నిలదీసింది. అతను ప్రతి మాటకీ ఊపిరి కూడదీసుకుని జవాబు చెప్పాడు. ఆమె ప్రతిదీ వినాల్సివచ్చింది. చీకటి పడేసరికి అతనికి గుసగుస కూడా పోయింది. పెదవులు మాత్రం "వద్దు" అంటున్నాయి.

సోమవారం తొమ్మిది గంటలకి నేవెనా ఆసుపత్రికి ఫోన్ చేసింది. రాంగెల్ పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మా ఆయన రారు. వైద్యం చాలు అంటున్నారు."

అవతల నర్సుకి సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. నేవెనా కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, మళ్ళీ చెప్పింది.