ఖాళీ గడి

జూరా కంప్యూటర్ తెరకు చెక్క స్కేలు ఆనించి, ఒక్కో వరుసా కిందికి జరుపుతోంది. ఎడమ పక్క పాత ప్రొసీజరు, కుడి పక్క కొత్తది. డేటాబేసు లోపలే పడి ఉండి, పిలిచినప్పుడు లేచి తన పని చేసిపెట్టే ఆదేశాల కట్ట అది. ఈ రక్త కేంద్రంలో అలాంటివి రెండు వందల పద్నాలుగు. పంతొమ్మిదేళ్ళలో అన్నీ ఆమె చేత్తో రాసినవే.

పాత డేటాబేసు ఒక యాసలో చెబితే వింటుంది, కొత్తది ఇంకో యాసలో. మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది మార్చినదాన్ని నాలుగు నెలలుగా జూరా కళ్ళతో సరిచూస్తోంది. చూసిన ప్రతిదానికీ గళ్ళ నోటుబుక్కులో ఒక టిక్కు. చివరి టిక్కు నిన్ననే పెట్టేసింది. ఇవాళ పదకొండింటికి కొత్త డేటాబేసుకు పగ్గాలు అప్పగించారు. మధ్యాహ్నానికి పాతదాన్ని ఆపేస్తారు. సాయంత్రంతో ఆమె ఉద్యోగమూ అయిపోతుంది. అయినా స్కేలు పట్టుకుని మొదటినుంచి మళ్ళీ చదువుతోంది.

పొట్టి మనిషి. వెనక్కి ముడేసిన పూల తలగుడ్డ, దారంతో మెడలో వేలాడే కళ్ళజోడు. ఆలోచనలో పడితే ఒక కాలితో రెండో కాలిని రుద్దుకుంటుంది. అందుకే ఆమె బూడిదరంగు ఉన్ని చెప్పుల్లో ఎడమదాని బొటనవేలి దగ్గర తోలు మాసిక పడింది. వాకిట్లో బూట్లు విప్పి ఆ చెప్పుల్లోకి మారితే గానీ ఆమెకు పని తోచదు.

బెక్తూర్ లోపలికొచ్చాడు. రాజధాని నుంచి ఈ మార్పిడి కోసం వచ్చిన అధికారి, ముప్ఫై ఏళ్ళు నిండలేదు. ఆ భవనంలో చిన్నవాళ్ళందరిలాగే అతనూ జూరాను ఎజే అంటాడు, అక్క అని.

"ఎజే, ఇంకా చదువుతున్నారా? పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయాక కూడా పెళ్ళికొడుకు గురించి ఆరా తీసేవాళ్ళని మిమ్మల్నే చూశాను."

"ఉంటార్లే నాయనా. వాళ్ళని తల్లులంటారు."

అతను నవ్వి, చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. బయటికి పంపదగిన రక్తపు సంచుల జాబితా. రోజూ సాయంత్రం నాలుగింటికి తీసే జాబితా ఇవాళ పదకొండింటికే తీశారు. కొండ కనుమ అవతలి ఆసుపత్రిలో కాన్పయిన మనిషికి రక్తం ఆగడం లేదట, నాలుగు సంచులు కావాలన్నారు. మంచు ఎక్కువై రెండింటికి కనుమ దారి మూసేస్తారు. డ్రైవర్ జోల్చు ఆ నాలుగూ పెట్టెలో పెట్టుకుని అప్పుడే బయల్దేరాడు.

జూరా పాతదాంట్లోంచి కూడా జాబితా తీసింది. కింద మొత్తం నలభై ఒకటి. బెక్తూర్ కాగితంలో నలభై మూడు.

"రెండు తేడా ఉంది," అంది.

"పాతది ఎప్పుడూ అయిదు నిమిషాలు వెనకే కదా. ముసల్ది."

"ముసల్దే. కానీ లెక్క తప్పదు. ఏ రెండు?"

బెక్తూర్ ఆమె కుర్చీ వెనక్కొచ్చి నిలబడ్డాడు. మెత్తగానే అన్నాడు. "వారం రోజులు రెండిట్లోనూ ఒకే లెక్క వచ్చింది. మీరే చూశారు. రేపట్నుంచి ఇంట్లో కూర్చోవాలంటే ఎవరికైనా కష్టమే. నాకు తెలుసు ఎజే."

ఆమె చెవులు వేడెక్కాయి. కుర్చీ వదల్లేక ముసలావిడ తప్పులు వెతుకుతోందని మెట్ల దగ్గర అనుకునే మాట ఆమె చెవినా పడింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి స్కేలు జరిపింది. ముప్ఫై మూడు పదహారు. ముప్ఫై మూడు పదిహేడు. పక్కపక్క సంచులు. కొత్త జాబితాలో ఉన్నాయి, పాతదాంట్లో లేవు.

ల్యాబుకు ఫోను చేసింది. అక్కడ కాలిపా పదిహేనేళ్ళుగా పరీక్షలు చేస్తోంది.

"పదహారూ పదిహేడూనా? కామెర్ల పరీక్ష మళ్ళీ పెట్టాను. మూడింటికి గానీ తేలదు. అదేంటి, వాటితో ఇప్పుడేం పని?"

"వాటి గడిలో ఏం రాశావు?"

"ఏం రాస్తాను, ఖాళీ. పొద్దున్నే అన్ని సంచులకీ పేజీ తెరిచి, ఖాళీగా సేవ్ చేసి పెట్టుకుంటాను. ఫలితం వచ్చినకొద్దీ నింపుకుంటూ పోతాను. నువ్వు నేర్పిందేగా."

అవును. కంప్యూటర్లు రాకముందు ఇదే గదిలో చెక్క డబ్బాల నిండా సంచికొకటి చొప్పున అట్టలుండేవి. మేకలు కాచే ఊళ్ళోంచి లెక్కల టీచరవుదామని వచ్చి, ఇక్కడ అట్టలు సర్దే పనిలో చేరింది జూరా. అప్పటి నియమం ఒకటే: పొద్దున్నే ఆ రోజు అట్టలన్నీ పరిచిపెట్టుకో, ఫలితం రాని అట్ట ఖాళీగా ఉంటుంది, ఖాళీ అట్ట గడప దాటదు. కంప్యూటర్ వచ్చాక ఆమె మొట్టమొదట రాసుకున్న ప్రొసీజరు ఆ మాటే చెప్పేది.

నోటుబుక్కు తిప్పింది. అందులో దానిది ఎనభై ఏడో నంబరు. దాని పాతా కొత్తా రూపాలు రెండూ తెర మీదికి తెచ్చింది. 'ఫలితం గడిలో ఏమీ లేకపోతే ఆపు.' ఎడమ పక్కా అదే, కుడి పక్కా అదే. ఒక్క అక్షరం తేడా లేదు. మార్చే సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని ముట్టుకోలేదు. మారని వరుసను ఎవరు పట్టి చూస్తారు? పక్కన టిక్కు ఉంది. ఆమె పెట్టిందే.

మారింది వరుస కాదు, దాన్ని వినేది. పాతదానికి ఉత్తరం లేని ఖాళీ కవరు వచ్చినా, అసలు కవరే రాకపోయినా ఒకటే. ఏమీ లేదు, ఆపు. కొత్తది ఖాళీ కవరును కూడా వచ్చిన ఉత్తరంగానే లెక్కేస్తుంది. గడిలో ఏదో ఉంది. అందులో చెడు మాట లేదు. కాబట్టి పంపెయ్. రోజూలా నాలుగింటికి జాబితా తీస్తే గళ్ళన్నీ నిండిపోయి ఉండేవి, ఎవరికీ తెలిసేది కాదు. ఇవాళ నాలుగు కాలేదు.

"పెట్టెలోకి ఏవి వెళ్ళాయి?" అంది లేస్తూ.

బెక్తూర్ కాగితంలో పంపినవాటికి పెట్టిన గుర్తులు చూశాడు. "ఆ రెండూ ఉన్నాయి."

ఆమె మెట్లు దిగింది. బూట్లు తొడుక్కోవాలన్నది గుర్తు రాలేదు. పెరట్లో చీలమండ లోతు మంచు. దాని మీద గేటుదాకా టైర్ల గుర్తులు, అంతే. వెనకాలే పరుగెత్తుకొచ్చిన బెక్తూర్ అవతలి ఆసుపత్రికి ఫోను చేశాడు. లైను పోయింది. జోల్చుకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

"నడుపుతూ ఎత్తడు," అంది జూరా. "కనుమ ఎక్కేముందు దారి పక్క పొయ్యి దగ్గర సమ్సా తినడానికి ఆగుతాడు. చేస్తూనే ఉండు."

నాలుగోసారి ఎత్తాడు. జూరా ఫోను లాక్కుంది.

"జూరా, నా ముసల్ది కూడా ఇన్నిసార్లు చెయ్యదే. పోయాననుకున్నావా?"

"ఎక్కడున్నావు?"

"పొయ్యి దగ్గర. సమ్సాలో మాంసం కన్నా ఉల్లిపాయలే ఎక్కువున్నాయని పోట్లాడుతున్నా."

"పెట్టె తెరువు."

"తెరవొద్దని దాని మీద రాసి అంటించింది ఎవరు?"

"నేనే. ఇప్పుడు తెరవమంటున్నదీ నేనే. నంబర్లు చదువు."

పెట్టె మూత చప్పుడు వినిపించింది. జోల్చు చదివాడు. మూడోదీ నాలుగోదీ అవే.

"ఆ రెండూ సంచిలో చుట్టి నీ సీటు కింద పెట్టు. ఎవరడిగినా ఇవ్వకు."

"అక్కడ బాలింత పోయేలా ఉంది. నాలుగడిగితే రెండు పట్టుకెళ్తే నన్ను తంతారు జూరా."

"తన్నించుకో. ఆ రెండూ మాత్రం ఇవ్వకు."

"సరే," అన్నాడు జోల్చు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

బెక్తూర్ కారు తాళాలు తీశాడు. "ఇంకో రెండు నేను తీసుకెళ్తాను. ఇంకా టైముంది. ఏ రెండో చెప్పండి ఎజే."

ఆమె తన చేతిలోనే ఉండిపోయిన నలభై ఒకటి జాబితాను వేలితో తడుముతూ, అదే గ్రూపువి రెండు నంబర్లు చెప్పింది. అతను రాసుకోలేదు. పైకి రెండుసార్లు వల్లించుకుని స్టోరు వైపు పరుగెత్తాడు.

గదిలోకొచ్చాక గానీ తన చెప్పులు తడిసి ముద్దయ్యాయని జూరాకు తెలియలేదు. విప్పి, పిండి, కిటికీ కింది వేడిగొట్టం మీద ఆరేసింది. మేజోళ్ళతోనే కూర్చుని ఎనభై ఏడులో ఆ వరుస దిద్దింది: ఏమీ లేకపోయినా, ఉన్నది ఖాళీ అయినా, ఆపు. తర్వాత మొత్తం రెండు వందల పద్నాలుగూ గాలించింది. ఖాళీ గడిని అడిగేవి ఇంకో పదకొండు దొరికాయి. నోటుబుక్కులో ఆ పన్నెండు టిక్కులూ కొట్టేసి, దిద్దినవాటికి మళ్ళీ పెట్టింది.

మూడింటికి కాలిపా ఫోను చేసింది. "పదహారు మంచిదే. పదిహేడు కాదు. మళ్ళీ చేసినా అదే వచ్చింది." కాస్త ఆగి, "ఎక్కడుంది అది?" అంది.

"జోల్చు సీటు కింద," అంది జూరా.

నాలుగు దాటాక కనుమ అవతలినుంచి లైను కలిసింది. బెక్తూర్ గొంతు గరగరమంటోంది. "అందాయి ఎజే. రక్తం ఆగిందట. ఇప్పుడే కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. దారి మూసేశారు, నేనూ జోల్చూ ఇక్కడే పడుకుంటాం."

ఆమె పదిహేడు సంగతి చెప్పింది.

"సోమవారం మీరు రావాలి. ఇంకో నెల ఉండాలి. నేను పైవాళ్ళని అడుగుతాను, ఒప్పుకుంటారు," అన్నాడు బెక్తూర్.

"ఎనభై ఏడు పక్కన టిక్కు నాదే నాయనా. అలాంటివే ఇంకో పదకొండు కూడా దిద్దాను, నోటుబుక్కులో ఉన్నాయి. నువ్వు ఇంకోసారి చూడు. స్కేలు పెట్టి చూడు."

"ఎజే."

"వినపడుతోంది. చలిలో తిరగకు."

ఫోను పెట్టేసి మూలనున్న పాత యంత్రం దగ్గరికెళ్ళింది. మధ్యాహ్నమే ఆపాల్సింది, ఎవరికీ గుర్తు లేదు. మీట నొక్కింది. దాని ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. పంతొమ్మిదేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం ఆమె వినలేదు. కళ్ళజోడు దారంతో సహా సంచిలో వేసుకుంది. టీ గిన్నె కడిగి బోర్లించింది. వాకిట్లో బూట్లు తొడుక్కుని, గేటువాడికి తల ఊపి, బస్సు కోసం మంచులో నిలబడ్డ జనంలో కలిసిపోయింది.

సోమవారం బెక్తూర్ వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. బల్ల మీద నోటుబుక్కు, దాని మీద చెక్క స్కేలు. కిటికీ కింద వేడిగొట్టం మీద బూడిదరంగు ఉన్ని చెప్పులు, ఎడమదానికి తోలు మాసిక, పూర్తిగా ఆరిపోయి, ఎండిన రొట్టెలా బిరుసెక్కి.