మలుపులో కాలు తీయకూడదు

మా కోడలికి నా మాటంటే లెక్క లేదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

నా భార్య పోయాక ఇంట్లో ఎదురుచెప్పేవాళ్ళు ఉండరనుకున్నాను. ఆ పని ఈవిడగారు అందుకుంది. ఇప్పుడు నా స్పోర్ట్స్ కారు కూడా కావాలంది. ఆదివారం రేసుకి కారు ఒకటే, నడిపేది ఒకరే. పదకొండేళ్ళుగా ఆ ఒకరూ నేనే.

"ట్రాక్ మీద మూడు చుట్లు తిప్పి చూపిస్తాను మామయ్యా. ఒక్కసారి కారు గిర్రున తిరిగిపోయినా మళ్ళీ అడగను."

సరేనన్నాను. తిరిగిపోతుందని నా నమ్మకం.

ఆ కారుకి ఇంజన్ వెనక ఉంటుంది. బరువంతా తోకలోనే. మలుపుకు ముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసుకోవాలి. మలుపులోకి వెళ్ళాక భయమేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశామా, బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి, తోక మనకంటే ముందుకొచ్చేస్తుంది. కొత్తవాళ్ళంతా కాలు తీస్తారు.

కోడలు తీయలేదు. మూడో చుట్టులో తోక కాస్త జారితే, అది జారినవైపే స్టీరింగ్ కొంచెం తిప్పి, కాలు కదపకుండా బయటపడింది. మా అబ్బాయి గోడ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. సిగ్గులేని వెధవ.

"అంత మెల్లగా వెళితే ఎవరైనా జారరు. పక్కన కూర్చో, చూపిస్తాను," అన్నాను.

పొడవాటి ఎడమ మలుపు వచ్చింది. వేగం బాగుంది.

"మామయ్యా, నాకంటే మీరే మెల్లగా వెళ్తున్నారు!" అని అరిచింది.

ఎవరినైనా తిట్టాలంటే చేస్తున్న పని ఆపి తిట్టడం నా అలవాటు. పని చేస్తూ తిడితే తిట్టు పలచనవుతుంది. ఆవిడ వైపు తిరిగాను. కాలు దానంతటదే లేచింది.

తిట్టు నోట్లోనే ఉండిపోయింది. తోక కుడివైపుకి విసురుకుపోయింది. స్టీరింగ్ అటు తిప్పాను, ఆలస్యంగా, అదీ మరీ ఎక్కువగా. తోక ఈసారి ఎడమకి కొట్టింది. బొంగరంలా తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ గడ్డిలో ఆగాం. మాకూ కారుకీ ఏమీ కాలేదు.

"కాలు, మామయ్యా," అంది మెల్లగా.

"గడ్డి తడిగా ఉంది."

"గడ్డిలోకి వచ్చింది తిరిగాక కదా!"

హెల్మెట్ తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాకూ వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. వెనక్కి ఆవిడే నడిపింది.

ఆదివారం కోడలే నడుపుతుంది. టైర్లలో గాలి నేను చూస్తాను, ఇంకెవరికీ చేతకాదు కనుక. ఆ మలుపు సంగతి ఇంట్లో ఎవరడిగినా, ట్రాక్‌లో ఎవరడిగినా, ఇక నా నోట ఒక్క మాట రాదు.