దెబ్బ తినే బొంత

మేడిపల్లిలో బొంతను ఎవరూ కర్రతో దులపరు. దుమ్ము పట్టినా, పిల్లలు పాలు ఒలకబోసినా, మంచం మీద పరిచి అరచేత్తో తుడుస్తారు. మడతపెట్టేటప్పుడు కూడా, నిద్రపోతున్న మనిషిని పక్కకు ఒత్తిగిలించినట్టు మెల్లగా మడతపెడతారు. ఊరి మగవాళ్లలో సగంమంది గల్ఫులో ఉన్నారు మరి. పోయేముందు ఒంటిమీది చొక్కా విప్పి, ఉతక్కుండా ఇంట్లో ఇచ్చిపోతారు. అది బొంత నడిమి పొరలోకి చేరుతుంది. ఆ తరవాత బొంతకు ఏది తగిలితే ఆ చొక్కాగల మనిషికి అది తగులుతుంది. అందులో వింతేముంది, అతని చొక్కాయే కదా అంటారు ఊళ్లో.

స్వరూప ఇంట్లో బొంతను అత్త లచ్చవ్వ కుట్టింది. కూతురు పూజ దానిమీదే పడుకుంటుంది. పడుకుని ఊరుకునే పిల్ల కాదు, నిద్రలో కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. సెలవునాడు మహిపాల్ దుబాయి నుంచి ఫోన్ చేసి, "నీ బిడ్డ మళ్ల కడుపుల తన్నిందే, నిద్రవట్టలే" అని నవ్వేవాడు. తన్నించుకున్నందుకు అంత సంబరపడే మనిషిని స్వరూప ఇంకెక్కడా చూడలేదు.

రెండేళ్లకు సెలవు మీద రావలసిన మనిషి మూడేళ్లయినా రాలేదు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ల బీరువాలో ఉంది. వాళ్లనడిగితే ఏజెంటును అడగమంటారు, ఏజెంటునడిగితే కంపెనీని అడగమంటాడు. ఈ ఇద్దరి మధ్య స్వరూప బంతిలా అటూ ఇటూ తిరిగి తిరిగి విసిగిపోయింది.

ఆ ఏజెంటు కోరుట్ల నర్సింగం. ఒకరోజు అతనే కారు పంపి రమ్మన్నాడు. ఈసారైనా ఒక మంచిమాట చెప్తాడేమోనని స్వరూప బీడీల చాట పక్కన పెట్టి కారెక్కింది.

గల్ఫుకు పోయినవాళ్లు రేకుల షెడ్డుల్లో పడుకుంటుంటే, పంపినవాడి ఇంటికి లిఫ్టు ఉంది. కింద హాల్లో గోడ నిండా తెల్లటి తెర, తెరమీద ఎక్కడిదో పచ్చటి మైదానం బొమ్మ. ఎదురుగా గ్రానైటు నేలమీద ప్లాస్టిక్ గడ్డి చాప. నర్సింగం ఇనుప కర్ర తిప్పి చిన్న బంతిని కొడితే, బంతి తెరకు తగిలి కిందపడుతుంది, బొమ్మలో మాత్రం దూరంగా ఎగిరిపోతుంది. గోల్ఫ్ ఆట. దుబాయి కంపెనీల పెద్దలు ఈ ఆట ఆడుతూనే మాట్లాడుకుంటారట, చలికాలంలో వాళ్లతో కలిసి ఆడితే కొత్త వీసాలు దొరుకుతాయట. చిన్నప్పుడు గోలీలాటలో కూడా తొండి చేసిన మనిషి, ఇప్పుడు ఇంట్లో తెరపెట్టి పెద్దమనుషుల ఆట నేర్చుకుంటున్నాడు.

చిక్కల్లా మోచేతితో వచ్చింది. బంతిని కొట్టిన కర్ర ఆ ఊపుకు నేలను కూడా కొడుతుంది. కింద గ్రానైటు, ఆ అదురు మణికట్టు నుంచి మోచేతికి ఎక్కుతుంది. ఆట మానాలి, లేదంటే నేల మెత్తబడాలి అని కరీంనగర్ డాక్టరు తేల్చి చెప్పాడు. స్పాంజి పరుపు వేసి చూస్తే కాళ్లు దిగబడి మోకాలు మెలిపడింది. రబ్బరు వేస్తే గ్రానైటుకూ దానికీ తేడా తెలియలేదు.

"చెల్లె, మీ ఇంటి బొంత ఎంత కొట్టినా చెయ్యి నొయ్యదట గద. గీ ఆటకు పనికచ్చేటట్టు ఒకటి కుట్టు. నెల తిరిగేవరకు మహిపాల్‌ను ఇంటికి తెప్పిచ్చే పూచీ నాది" అన్నాడు నర్సింగం.

ఆ ఒక్క మాట కోసమే ఏడాదిగా తిరుగుతోంది స్వరూప. వెంటనే కొంగు దోపి పనిలోకి దిగింది. నిలబడే చోటు గట్టిగా ఉండాలి, కర్ర తగిలే చోటే మెత్తగా ఉండాలి అనుకుంది. కాళ్ల కింద బర్రెల కొట్టంలో పరిచే రబ్బరు చాప వేయించింది. దాని పక్కన మూరెడు వెడల్పున సందు వదిలి, ఆ సందులో సరిగ్గా ఇమిడేలా బొంత కుడతానంది. పైన గడ్డి, రెండువైపులా ఒకే ఎత్తు. కర్ర అందులో దిగబడకూడదు, తిరిగి ఎగరనూ కూడదు. అంటే పొరలు దట్టంగా పరిచి, కుట్టు కుట్టుకూ బిగించాలి.

నింపడానికి నర్సింగం ఒక గోనెసంచి ఇచ్చాడు. నిండా చిరిగిన పీలికలే, ఒక్కదానికీ కాలర్ లేదు, గుండీ లేదు.

"ఎవలియి అన్నా గీ బట్టలు?" అని అడిగింది.

"పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేటోని తాన కొన్న. ఎవలియైతేంది?"

గిన్నె తీసుకుని ఇచ్చేసిన బట్టకు మనిషితో రుణం తెగిపోతుంది, దాన్ని ఎంత కొట్టినా ఎవరికీ తగలదు. స్వరూప నమ్మింది. నమ్మితేనే మొగుడు ఇంటికొస్తాడు, ఇంకేం చేస్తుంది? సిరిసిల్ల నుంచి గట్టి దారం తెప్పించి, పీలికలను అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరిచి, వేళ్లు బొబ్బలెక్కేలా కుట్టింది. సందులో అమర్చిన రోజు నర్సింగం కర్ర తిప్పాడు. థప్‌మంది.

"అబ్బ! చెయ్యి ఉన్నట్టే తెలుస్తలేదు" అని మురిసిపోయి మళ్లీ కొట్టాడు.

తరవాతి వారం సెలవు కాని రోజున మహిపాల్ ఫోన్ వచ్చింది. గొంతు సన్నగా ఉంది.

"పక్కటెముకలు గుంజుతానయే స్వరూపా. ఎవలో రాడ్డుతోటి గొట్టినట్టు అయితాంది. నాకొక్కనికే గాదు. మహేశ్‌కు, మెట్‌పల్లి పోరగాండ్లకు, అందరికి ఒక్కసారే అయితాంది. పొద్దుగాల పనెక్కే యాళ్లకు మొదలైతది. నిన్న మహేశ్ నిచ్చెన మీదికెల్లి వడ్డడు. చెయ్యి ఇరిగింది."

మహేశ్ పక్కింటి రాములవ్వ కొడుకు. స్వరూప పరుగెత్తి బొంత చూసింది. పూజ దానిమీద బొమ్మ పెట్టుకుని ఆడుకుంటోంది.

లచ్చవ్వ చూపు ఆనకపోయినా మాట ఆనింది. "మనింటి బొంత గాదే పిల్లా. కోరుట్లల కుట్టినవు సూడు, గండ్ల ఎవలియి వెట్టినవు?"

అప్పుడు గుర్తొచ్చింది స్వరూపకు. గల్ఫుకు పోయే ప్రతివాడూ మెట్‌పల్లిలో నర్సింగం ఆఫీసులోనే కంపెనీ డ్రెస్సు వేసుకుంటాడు. ఒంటిమీదివి అక్కడే విప్పి పెడతాడు, తిరిగొచ్చాక తీసుకుంటానని. తీసుకుంటానని పెట్టిన బట్టకు రుణం తెగదు. ఆ బట్టల్ని చింపి, గుర్తు తెలియకుండా కాలర్లు పీకి, తన చేతే కుట్టించాడు. తను బిగించిన ప్రతి కుట్టూ మొగుడి ఒంటిమీదే బిగించింది.

మర్నాడు మొదటి బస్సుకే కోరుట్ల చేరింది. నర్సింగం ఆడుతున్నాడు. థప్‌మన్నప్పుడల్లా ఆమె ఒళ్లు ఉలిక్కిపడింది.

"ఆపన్నా! గవి మనోళ్ల బట్టలు. దెబ్బ ఆళ్లకు తాకుతాంది. మహేశ్ చెయ్యి ఇరిగింది."

నర్సింగం ఆశ్చర్యపోలేదు. అయ్యో అని కూడా అనలేదు. నుదుటి చెమట తుడుచుకుంటూ అన్నాడు, "నాకెర్కనే చెల్లె. దెబ్బ యాడికో ఒకకాడికి పోవాలె గద. ఉత్త పీలికలైతే నా మోచేతికే అత్తది. ఆళ్లు సిమెంటు బస్తాలు మోసేటోళ్లు, గీపాటి దెబ్బ ఆళ్లకు లెక్కనా?"

"తీసేస్త. ఇంక కుట్ట."

"పాస్‌పోర్టు యాడుందో యాది వెట్టుకో. మహిపాల్ రావాల్నా వద్దా?" అని, ఆమె మొహంలోకి చూస్తూనే ఇంకొకటి కొట్టాడు.

తెలియక చేసినవాణ్ని తిట్టవచ్చు, తెలిసి చేసినవాణ్ని ఏం చేయాలి? ఆ కర్ర లాక్కుని అతని నెత్తిమీద వేయాలనిపించింది స్వరూపకు. వేస్తే మహిపాల్ అక్కడే ఉండిపోతాడు. పళ్లు కొరుక్కుంటూ నిలబడింది. తనమీద తనకూ కోపం వచ్చింది, ఆ గోనెసంచి గురించి ఇంకొకసారి ఎందుకు అడగలేదని.

నర్సింగం స్నానం చేసి మెట్‌పల్లి ఆఫీసుకు బయల్దేరబోతుంటే, అతని భార్య వజ్రమ్మ వంటింట్లోంచి వచ్చింది. "గడ్డి కింద బొంత అంచు ఊడింది. కుట్టిపొమ్మన్న" అంది మొగుడితో.

"జల్ది కానియ్యుండ్రి. పొద్దూకి ఆడుత" అని అతను కారెక్కాడు.

అంచు ఊడలేదు. స్వరూప అంత బిగువుగా కుట్టింది, ఊడే రకం కాదు. కారు మలుపు తిరిగాక వజ్రమ్మ స్నానాలగదిలోంచి ఒక మూట తెచ్చి స్వరూప ముందు పెట్టింది. అందులో నర్సింగం అప్పుడే విప్పిన బనీను, చెమటకు తడిసిన చొక్కా, లుంగీ ఉన్నాయి.

"మా తమ్మునియి గూడ గండ్లనే ఉన్నయి. ఆన్ని పంపింది గూడ గీయననే" అంది వజ్రమ్మ. కత్తెర కూడా ఆమే తెచ్చిచ్చింది.

స్వరూప కుట్లు విప్పి పీలికలు బయటికి తీసింది. ఒక పీలిక దగ్గర చెయ్యి ఆగింది. ప్యాంటు నడుముపట్టీ అది, లోపల ఎర్రదారంతో కుట్టిన దొంగజేబు. మహిపాల్ పోయేనాటి పొద్దున, దారిలో ఎవరూ కొట్టెయ్యకుండా అని తనే కుట్టింది. ఏడవలేదు. ఏడిస్తే కుట్టు వంకరపోతుంది. నర్సింగం బట్టల్ని పొరలు పొరలుగా మడిచి, ఇంతకుముందుకంటే దట్టంగా కుట్టి, సందులో అమర్చి, పైన గడ్డి సర్దింది.

పొద్దూకాక నర్సింగం వచ్చి కర్ర అందుకున్నాడు. నడుం తిప్పి బలం కొద్దీ కొట్టాడు. థప్‌మంది. బంతి తెరమీద చాలా దూరం పోయింది. నర్సింగం మాత్రం పక్క పట్టుకుని మోకాళ్లమీద కూలాడు. కాసేపు గాలి కూడా పీల్చలేకపోయాడు. గడ్డి వైపు చూశాడు, స్వరూపను చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"ఏమైందయ్యా?" అని అడిగి, జవాబు వినకుండా వజ్రమ్మ పొయ్యిమీద కూర చూసుకోవడానికి వెళ్లింది.

స్వరూప ఆ బొంతముక్కను సందులోంచి లాగి, చుట్టి చంకలో పెట్టుకుంది. నర్సింగం నేలమీద ముడుచుకుపోయాడు. పీలికల సంచి రెండో చేత్తో పట్టుకుని ఆమె బస్టాండుకు నడిచింది.

మర్నాడు ఊళ్లో ఆడవాళ్లంతా స్వరూప ఇంటికి వచ్చారు. ఏ పీలిక ఎవరిదో తెలియలేదు. ఎవరిదైతేనేం, అన్నింటినీ గోరువెచ్చటి పసుపు నీళ్లలో వేసి, బండకు బాదకుండా అరచేతులతో పిసికి, నీడలో ఆరేశారు. రాములవ్వ ప్రతి పీలికనూ తన కొడుకుదే అన్నట్టు ఒత్తింది. ఆ సాయంత్రం మహిపాల్ ఫోన్ చేశాడు. "ఏం జేసిండ్రే? ఒళ్లంతా ఎవలో కాపినట్టున్నది" అన్నాడు.

ఆ మరుసటి రోజు నర్సింగం కారు వచ్చి ఇంటిముందు ఆగింది. అతను దిగడానికే చాలాసేపు పట్టింది. స్వరూప వాకిట్లో ఆ బొంతముక్క మీదే కూర్చుని బీడీలు చుడుతోంది.

"లే చెల్లె. ఊపిరాడుతలేదు."

"మా ఆయన ఊపిరాడకుంటె నువ్వు లేసినవా?"

"పాస్‌పోర్టులు కంపెనీ తాన ఉన్నయి. నేనేం జెయ్యాలె?"

"ఫోను నీ చేతుల్నే ఉన్నది గద. మా ఒక్కాయన గాదు, పీలికలున్నోళ్లంత దిగాలె. దిగినంక లేస్త." అని, తునికాకు కోసం చాట మీదికి వంగింది. బరువు ఒక పక్కకు జరిగింది. నర్సింగం గోడ పట్టుకుని, నిలబడ్డ చోటునుంచే దుబాయికి ఫోన్ కలిపాడు. ఏడాదిగా కలవని ఫోను అప్పుడు కలిసింది.

స్వరూప వంటకు లేస్తే రాములవ్వ కూర్చునేది. రాములవ్వ లేస్తే లచ్చవ్వ కూర్చునేది. రాత్రిళ్లు మాత్రం ఖాళీగా వదిలేవాళ్లు, మనుషులు కదా. ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా మగవాళ్లు దిగడం మొదలుపెట్టారు. వజ్రమ్మ తమ్ముడు వచ్చాడు. మెట్‌పల్లి పిల్లలు వచ్చారు. నర్సింగం కర్రను అటక మీద పడేశాడని, చలికాలం దుబాయి ప్రయాణం మానుకున్నాడని వజ్రమ్మే కబురు చేసింది.

ఒక మధ్యాహ్నం మహిపాల్ సంచి భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. పూజ ఎగిరి అతని మెడకు వేలాడింది. స్వరూప కళ్లనిండా చూసింది కానీ కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"నేనచ్చిన గదనే. ఇంకెందుకు కూసున్నవు?" అన్నాడు మహిపాల్.

"రాములవ్వ కొడుకు ఇంక రాలే" అంది స్వరూప.

మహిపాల్ పక్కింటి వాకిలి వైపు చూశాడు. రాములవ్వ గడప దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. అతను సంచి కింద పెట్టి, చెప్పులు విడిచాడు.

"జెర జరుగు" అని, వచ్చి ఆమె పక్కన బొంతముక్క మీద కూర్చున్నాడు.