మైకు మేస్త్రీ గొంతు

మూడో అంతస్తులో నిలబడి, కింద రోడ్డు మీద సిమెంటు బస్తా దింపుతున్నవాణ్ణి తిట్టగల గొంతు అది. అందుకే ఆ తాపీమేస్త్రీకి మైకు మేస్త్రీ అని పేరు పడింది. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన పనికి బయల్దేరుతుంటే ఆ వీధిలో ఎవరికీ అలారంతో పనుండేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం, మాట మొత్తం పట్టుకుపోయింది. చెవులు బాగున్నాయి, బుర్ర బాగుంది, కోపమైతే మరీ బాగుంది. అది బయటికొచ్చే దారే మూసుకుపోయింది.

మూడు నెలలైంది. మొదటి నెల సైగలు చేశాడు. ఆయన మంచినీళ్ళడిగితే దుప్పటి తెచ్చారు, దుప్పటి అడిగితే ఫ్యాను వేశారు. రెండో నెల చేతికందినవి విసిరికొట్టాడు. మూడో నెల అదీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాటలు నేర్పే డాక్టరమ్మ ఆయన చిన్నకూతుర్ని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేసింది.

"గొంతుకేం కాలేదమ్మా. మెల్లగా మాట రావచ్చు. కానీ ఆయన ప్రయత్నమే మానేశారు. ఏదో ఒకటి చెప్పి తీరాలన్న యావ మనిషిలో లేకపోతే నేనెన్ని పాఠాలు చెప్పినా దండగే. ముందు అది తెప్పించండి."

ఆ చిన్నకూతురికి ముప్ఫై నిండాయి. కంటి ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని రోజుకి రెండొందలమందిని వరసలో పెడుతుంది. అయినా ఇంట్లో ఆమె పేరు పొట్టే. పొట్టి ఆర్నెల్లుగా సెలవు రోజుల్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోంది. అక్షరం అక్షరం తనే రాయడం కాదు, ఏఐ ఏజెంట్లని పెట్టి పని చేయించడం. ఒక ఏజెంటు ప్లాను వేస్తుంది, రెండోది ఆ ప్లాను చూసి కోడు రాస్తుంది, మూడోది రాసినదాన్ని పరీక్షించి తప్పులు సరిచేస్తుంది. మేస్త్రీ కూతురు కదా, వాటికి ఇంజనీరు, తాపీ, సూపర్వైజరు అని పేర్లు పెట్టుకుంది. ఇప్పటిదాకా వాటితో కట్టించినవి రెండే రెండు. సరుకుల చీటీ ఒకటి, అలారం ఒకటి. అలారం మోగేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని ఈ ముగ్గురినీ పనిలోకి దింపింది. ట్యాబు మీద బొమ్మల బటన్లుండాలి, నాన్న ఏది నొక్కితే ఆ మాట పైకి వినిపించాలి. పదకొండయ్యేసరికి సూపర్వైజరు రిపోర్టు వచ్చింది: "ముప్ఫై ఆరు బటన్లూ పరీక్షించాను. అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. అభినందనలు." పొట్టి పొంగిపోయింది. పరుగున వెళ్ళి ట్యాబు నాన్న ఎడమచేతి దగ్గర పెట్టింది.

మేస్త్రీ ఒక బటను నొక్కాడు. "దయచేసి నా దిండు సర్దండి" అంది ట్యాబు, తేనె పూసిన ఆడగొంతుతో. మేస్త్రీ ట్యాబు వంక చూశాడు, కూతురి వంక చూశాడు, ఇంకో బటను నొక్కాడు. "నాకు నీళ్ళు ఇవ్వగలరా? ధన్యవాదాలు." అంతే, ట్యాబుని పక్కకి నెట్టేసి గోడవైపు తిరిగాడు.

పొట్టికి ఏడుపు ముంచుకొచ్చింది.

"పోనీలేవే. ఆయనకి ఓపిక లేదు" అంది అమ్మ, గొంతు తగ్గించి. అది పొట్టికి ఇంకా బెంగ పుట్టించింది. నాన్న ఒకటంటే నాలుగనే మనిషి అమ్మ. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే పక్కింటివాళ్ళు దెబ్బలాట అనుకునేవాళ్ళు. ఇప్పుడు సొంత ఇంట్లో ఆసుపత్రిలో తిరిగినట్టు తిరుగుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి మామయ్య వచ్చాడు. అమ్మకి స్వయానా తమ్ముడు, మేస్త్రీ కింద పాతికేళ్ళు సెంట్రింగు పని చేశాడు. ట్యాబు తీసుకుని నాలుగు బటన్లు నొక్కి విని, ఒళ్ళు మండి కింద పెట్టాడు.

"ఇదెవర్తే పిల్లా, విమానంలో అమ్మాయిలా మాట్లాడుతోంది? మీ నాన్న జన్మలో ఎప్పుడైనా 'దయచేసి' అన్నాడా? అనుంటే ఆరోజే పనాపి ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాణ్ణి."

"మరెలా అంటాడో నువ్వే చెప్పు మామయ్యా!"

"నేను చెప్పడమెందుకు? ఆయన్నే విను."

మామయ్య ఫోను తీశాడు. మేస్త్రీకి ఫోనులో టైపు చెయ్యడం ఒంటికి పడేది కాదు. పనివాళ్ళకి ఏం చెప్పాలన్నా నోటితో చెప్పి రికార్డు చేసి పంపేవాడు. అలాంటివి మామయ్య ఫోనులో నాలుగొందల పైచిలుకున్నాయి. ఒకటి మోగించాడు.

"ఒరేయ్ బావమరిదీ! ఆ గోడేంట్రా తాగొచ్చినట్టు ఒరిగింది? రసమట్టం మీ ఇంట్లో నిద్రపోతోందా? నేనొచ్చేసరికి అది నిటారుగా లేకపోయిందో, నిన్ను నిలబెట్టి కట్టేస్తా గోడలో!"

వెనకాల కాంక్రీటు మిక్సరు రొద, ఎవరో నవ్వు. గదంతా ఆ గొంతే. వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. మంచం మీద మేస్త్రీ తల ఇటు తిప్పాడు. గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టాక, ఎవరూ పిలవకుండా తనంతట తాను ఇటు తిరగడం అదే మొదటిసారి.

"అవన్నీ నాకు పంపు మామయ్యా. ఒక్కటీ వదలకు" అంది పొట్టి.

మళ్ళీ ముగ్గురూ పనిలోకి దిగారు. ఇంజనీరు ప్లాను మార్చింది. తాపీ అన్ని రికార్డులూ వెతికి, పనికొచ్చే ఎనభై మాటల్ని ముక్కలు కోసి, బటనుకొకటి చొప్పున పెట్టింది. తర్వాత సూపర్వైజరు పరీక్షించింది. తీరా చూస్తే మిగిలినవి తొమ్మిది. సరే, ఆఁ, రేపు, ఇలాంటివి. తిట్టున్న ప్రతి బటన్లోనూ మళ్ళీ ఆ తేనెగొంతు తిష్ఠ వేసింది. ఒకటి నొక్కితే, "దయచేసి గోడను మరోసారి పరిశీలించండి" అంది. మామయ్య కుర్చీలోంచి పడబోయాడు నవ్వలేక.

పొట్టి తాపీకి చెప్పింది, తిట్లన్నీ మళ్ళీ పెట్టమని. పెట్టింది. సూపర్వైజరు తీసేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసేసింది. ప్రతిసారీ రెండూ "పని పూర్తయింది" అని మర్యాదగా చెప్పడం ఒకటి! పొట్టి తల పట్టుకుంది.

"రెండూ పంతాలకి పోయి నా ప్రాణం తీస్తున్నాయి మామయ్యా."

"పంతమా పాడా! నువ్వు తాపీవాడి చెవిలో చెప్పావు. సూపర్వైజరు చేతిలో పాత కాగితముంది. దాని ప్రకారం వాడు కూలగొడుతున్నాడు. మా సైట్లో నెలకోసారి ఈ భాగోతం ఉండేది. అందుకే మీ నాన్న కొలత మారితే ఎవడి చెవిలోనూ చెప్పేవాడు కాదు, అందరి కళ్ళా పడేట్టు గోడ మీద రాసేవాడు. నువ్వు ఆ ప్లాను కాగితంలో ఏం రాశావో చూడు ముందు."

పొట్టి మూడు ఏజెంట్లూ చదివే ప్లాను ఫైలు తెరిచింది. మొదటి వాక్యం పొద్దున తను రాసిందే. 'రోగి మాటలు మర్యాదగా, మృదువుగా ఉండాలి.' చదువుకుంటే సిగ్గేసింది. నాన్నని రోగి అని రాసింది. తనే. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాసింది: "ఈయన రోగి కాదు, మేస్త్రీ. ఈయన తిట్టు ఈ ఇంట్లో పలకరింపు. మాట మార్చొద్దు, వెనకాల రొద తియ్యొద్దు. అనుమానమొస్తే చెరపకుండా నన్ను అడగండి."

ఈసారి సూపర్వైజరు ఒక్కటీ తియ్యలేదు. ఒకే ఒక అనుమానం అడిగింది: "'ఓరి నీ అసాధ్యం కూలా' అన్నది మెచ్చుకోలా, తిట్టా? ఏ వరసలో పెట్టమంటారు?"

పొట్టి మామయ్యని అడిగింది. మామయ్య గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించాడు. "రెండూనే" అన్నాడు. దానికి విడిగా ఒక వరస పెట్టించింది.

కిటికీలో ఇంకా ఎండ ఉండగానే ట్యాబు మళ్ళీ మేస్త్రీ చేతి దగ్గరికొచ్చింది. మేస్త్రీ అయిష్టంగా ఒకటి నొక్కాడు.

"ఏడిసినట్టే ఉంది!"

తన గొంతు తనకే వినపడేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాసేపాగి ఇంకోటి నొక్కాడు. "మాలు కలుపుకు రమ్మంటే మాయమైపోతావేంట్రా!"

"ఎక్కడికీ పోలేదు బావా, ఇదిగో, ఇక్కడే ఉన్నా" అన్నాడు మామయ్య. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రీ పెదవి ఒకవైపు పైకి లేచింది. పొట్టికి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అమ్మ మాత్రం నిలబడే ఉంది. దుప్పటి సర్దింది, గ్లాసు తీసింది, ఆయన మూతి తుడిచింది, మళ్ళీ దుప్పటి సర్దింది. మేస్త్రీ ఆమెనే చూస్తూ వెతికి వెతికి ఒక బటను నొక్కాడు.

"కాసేపు కూర్చోవోయ్! పొద్దుట్నుంచి నించునే ఉన్నావు, కాళ్ళా అవి, కర్రలా?"

"నిన్నేరా, కూర్చో" అంది అమ్మ తమ్ముడితో. మామయ్య కూర్చున్నాడు. మేస్త్రీ మళ్ళీ అదే నొక్కాడు. మామయ్య కంగారుగా లేచి, ఆ కుర్చీ కాదేమోనని ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. మూడోసారి నొక్కేటప్పటికి మేస్త్రీ మొహం కందగడ్డలా అయింది. వేలు బటన్ల మీద పరుగులు పెట్టింది. పైవరస, కిందివరస, మళ్ళీ పైవరస.

ఆయన దేనికోసం వెతుకుతున్నాడో పొట్టికి తెలిసింది. అది లేదు. ఎనభై బటన్లలో ఎక్కడా లేదు. ఆ రికార్డులన్నీ పనివాళ్ళకి పంపినవి. అమ్మకి ఆయన ఒక్కటీ పంపలేదు. ఎందుకు పంపుతాడు, వీధి మొదట్లో నుంచి ఒక కేకేస్తే ఆవిడ వంటింట్లోంచి పలికేది. అమ్మని పిలిచే పిలుపే లేదని ఇంజనీరుకీ తట్టలేదు, సూపర్వైజరుకీ తట్టలేదు, కూతురై ఉండి తనకీ తట్టలేదు.

"ఆగు నాన్నా, అమ్మ కోసం ఒకటి పెడతా. ఇప్పుడే..."

మేస్త్రీ ట్యాబుని నెట్టేశాడు. అయిపోయింది, ఇక గోడవైపు తిరుగుతాడనుకుంది పొట్టి. తిరగలేదు. పెళ్ళాం వంకే చూస్తున్నాడు. దవడ కదిలింది. మెడ నరాలు తేలాయి.

"ఏ..."

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏ... మే..."

గుమ్మం కూడా దాటనంత చిన్న గొంతు. అమ్మ ఆయనకి జానెడు దూరంలో ఉంది. అయినా మూడు నెలలుగా అణుచుకున్నదంతా ఎత్తి, వీధి చివరిదాకా వినపడేలా పలికింది.

"ఆఁ... వస్తున్నా!"

వచ్చి, మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.