పొడి కత్తి

అన్నకు గుండెపోటు వచ్చి తగ్గిన నాటినుంచి తమ్ముడికి కుదురు లేదు. వాళ్ళ క్షౌరశాలలో ఉన్నవి రెండే కుర్చీలు: తలుపు వైపుది అన్నది, కిటికీ వైపుది తమ్ముడిది. ఇరవై ఏళ్ళుగా ఒకే అద్దంలో ఒకరినొకరు చూసుకుంటూ పనిచేసినవాళ్ళు. ఇప్పుడు తమ్ముడి చూపు కుర్చీలోని తల మీద కన్నా అద్దంలోని అన్న మీదే ఎక్కువ. అన్న దగ్గితే ఇతని కత్తెర ఆగుతుంది. అన్న వంగితే కాలుగాలిన పిల్లిలా రెండడుగులు వేసి, ఏమీ లేదని తెలిశాక, దువ్వెన కోసం వచ్చినట్టు నటించి వెనక్కి వెళ్తాడు.

“ఒరేయ్, నేను పోయేలోపు నువ్వు ఆయన చెవి కోసేట్టున్నావు,” అన్నాడు అన్న ఒకరోజు. కుర్చీలోని పెద్దమనిషి చప్పున చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అని వైద్యుడు చెప్పాడు. తమ్ముడికి మొదటి సగమే వినిపించింది. అందుకే, అంబులెన్సు వచ్చేలోపు చేరుకుని ప్రాణం నిలబెట్టే స్వచ్ఛంద సేవకులకు గ్రంథాలయం మేడ మీద తరగతులు పెడుతున్నారని తెలియగానే వెళ్ళి పేరు రాయించుకున్నాడు. నేర్పేది ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మ. లయ తప్పిన గుండెకు కరెంటు దెబ్బ కొట్టి దారికి తెచ్చే డీఫిబ్రిలేటరు నమూనా ఒకటి ఆవిడ దగ్గర ఉంది. అది మాట్లాడుతుంది కానీ అందులో కరెంటు ఉండదు. రెండు ప్యాడ్లు ఛాతీకి అంటించాలి: కుడి మెడ ఎముక కింద ఒకటి, ఎడమ చంక దిగువన ఒకటి. వెంట్రుకలు దట్టంగా ఉంటే ప్యాడు అంటదు కనుక ఆ రెండు చోట్లా ముందు రేజరుతో గీసేయాలి.

రబ్బరు బొమ్మకు వెంట్రుకలుండవు. “ఎలుగుబంటి ఇక్కడుందండీ,” అంటూ తమ్ముడి వెంట వచ్చిన అన్న చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు.

తమ్ముడు గిన్నెతో నీళ్ళడిగి తెచ్చుకున్నాడు. అరచేత్తో తడిపాడు, సబ్బు నురగ పట్టించాడు, చర్మం బిగబట్టి నున్నగా గీశాడు, తువ్వాలుతో అద్దాడు. నర్సమ్మ గడియారం చూస్తూ నిలబడింది.

“అయిందా నాయనా?”

“అయిందమ్మా.”

“నాలుగు నిమిషాలు. పోయినవాణ్ణి పెళ్ళికొడుకును చేశావు.”

గదంతా నవ్వింది, బల్ల మీది శవం అందరికన్నా గట్టిగా నవ్వింది.

“తడి ఛాతీకి ప్యాడు అంటదు. నీళ్ళు వద్దు, నురగ వద్దు. పొడిగా నాలుగు గీతలు గీస్తే చాలు. ఆరు వారాల్లో పరీక్ష. నెగ్గినవాళ్ళకే, దగ్గర్లో ఎవరైనా పడిపోతే ఫోను వస్తుంది.”

పొడి చర్మం మీద కత్తి పెట్టకూడదన్నది తండ్రి వాళ్ళకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఆయన తలకు కాక చేతికి నేర్పాడు. చేతికి అబ్బినది తల చెబితే వినదు. తమ్ముడు తన పిక్కల మీద సాధన చేశాడు. మంట పుట్టినా గీయగలిగాడు. అన్న ఛాతీ తలచుకుంటేనే చెయ్యి నీళ్ళగిన్నె కోసం తడుముకునేది. చివరికి ఒక ఉపాయం తట్టింది.

“అన్నయ్యా, ఆ రెండు చోట్లా వారం వారం నేనే గీసి ఉంచుతా. ఆ రోజు ఇక గీసే పనే ఉండదు.”

“ఏ రోజు?”

తమ్ముడు కత్తెర తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“బాగానే ఉంది. మరి ఈ వీధిలోవాళ్ళందర్నీ కూడా వారం వారం పిలిపించి గీస్తావా?” అన్నాడు అన్న. “నా మీద చేతకానిది నీకు ఇంకెవరి మీదా చేతకాదు రా. మొలవనీ.”

ఆరు వారాల తర్వాత అదే బల్ల మీద అన్న కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నర్సమ్మ గడియారం నొక్కింది. తమ్ముడు రేజరు ఆనించి లాగాడు. ఎండుగడ్డి కోసినట్టు చప్పుడైంది. అన్న కాలివేళ్ళు ముడుచుకున్నాయి. రెండో గీత, మూడోది. మెడ ఎముక కింద ఎర్రగా ఒక చుక్క ఉబికింది. ఎడమ పక్కకు వెళ్ళాడు, గీశాడు, రెండు ప్యాడ్లూ అదిమి అంటించాడు.

“గుండెను పరిశీలిస్తున్నాను. ఎవరూ తాకవద్దు,” అంది యంత్రం.

చుక్క గీతగా మారి భుజం వైపు జారింది. ఇన్నేళ్ళలో గాటు పడిన చోట క్షణమైనా ఆలస్యం చేయకుండా పటిక అద్దిన బొటనవేలు తనంతట తానే ముందుకు కదిలింది. అతను రెండు చేతులూ గుంజుకుని భుజాల దాకా ఎత్తాడు. “అందరూ దూరం జరగండి,” అన్నాడు. నెత్తురు బల్ల మీది గుడ్డను తాకింది. నిలబడ్డచోటే కాళ్ళు మార్చుకుంటూ యంత్రం మాట కోసం చూశాడు.

“బొత్తాం నొక్కండి.”

నొక్కాడు. ఆ వెంటనే ఛాతీ అదమడం మొదలుపెట్టాలి. బతికున్న మనిషిని అలా అదమకూడదు కనుక అది బొమ్మ మీద. నేల మీది బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చేతులు నిటారుగా నిలిపి, పైకి లెక్కపెడుతూ అదమసాగాడు.

అన్న లేచి కూర్చుని, నెత్తురు తన వేలితోనే తుడుచుకుని, ఛాతీ వైపు చూసుకున్నాడు.

“వంకరగా గీశావు రా,” అన్నాడు.

తమ్ముడు తలెత్తలేదు. “పంతొమ్మిది,” అన్నాడు. “ఇరవై. ఇరవై ఒకటి.”